మైనం దారం

వాచీల తాత తువ్వాలు కింద ఏదో కదులుతోంది.

నల్లపూస డాబా మెట్ల మీద, ఆఖరి మెట్టు దగ్గరే ఆగిపోయింది. చంకలో తడి తాళ్ళ చుట్ట బరువుగా ఉంది. నీళ్ళు మోచేతి మీదుగా కారి మెట్టు మీద పడుతున్నాయి. ట్యాంకు నీడలో తాత ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు. కుడికంటికి నల్లటి భూతద్దం గొట్టం బిగించుకున్నాడు. మోకాళ్ళ మధ్య తువ్వాలు, తువ్వాలులోంచి బూడిదరంగు తోక. చేతిలో చిన్న కత్తెర. కత్తెర తువ్వాలు కిందికి వెళ్ళింది. తోక ఒక్కసారి విసనకర్రలా విచ్చుకుని మూసుకుపోయింది.

కాలి చప్పుడు విన్నాడేమో, తాత తలెత్తాడు. ఒక కన్ను మామూలుగా, ఒక కన్ను గొట్టంలోంచి ఆమెను చూశాయి. అంతే, పీటతో సహా అటు తిరిగి వీపు ఇటు పెట్టాడు.

దాచేది ఏమీ లేకపోతే వీపెందుకు తిప్పడం?

ఏమీ ఎరగనట్టు ఆమె తాళ్ళను దండెం మీద ఆరేయసాగింది. ఒక్కో తాడునూ రెండు చేతులతో సాగదీసి, మెలి విప్పి, చివర పిండి, ఎంత నెమ్మదిగా వేయగలదో అంత నెమ్మదిగా వేసింది. వెనక రెక్కలు టపటపలాడాయి. తిరిగి చూసేసరికి తాత తన గదిలోకి పోయి తలుపు వేసుకుంటున్నాడు. పీట ఉన్న చోట సిమెంటు మీద మూడు నెత్తుటి చుక్కలు, ఆవగింజలంత. పక్కన ఒక చిన్న ఈక.

కాలి బొటనవేలితో ఒక చుక్కను తాకింది. ఇంకా ఆరలేదు.

ఆ మూడంతస్తుల మేడలో ఆమెను అందరూ నల్లపూస అనే పిలుస్తారు. "వచ్చి నెలైంది, కళ్ళారా చూసింది రెండుసార్లు. నల్లపూసే నయం తల్లీ" అని మొదటి అంతస్తు నర్సమ్మ ఒకరోజు మెట్ల మీద అంది. ఆ పేరు అతుక్కుపోయింది. పదిహేడేళ్ళ పిల్ల. నలుగురు కనబడితే నాలుగడుగులు వెనక్కి వేస్తుంది. సెలవుల్లో పెద్దమ్మకు పనిలో సాయం చేయడానికి వచ్చి, మూడో అంతస్తు ముందు గదిలో తాళ్ళ మధ్య తాడులా కలిసిపోయింది.

పెద్దమ్మది తాళ్ళ అల్లిక. లావుపాటి నూలుతాడును గుండ్రంగా చుట్టుకుంటూ, సన్నని మైనం దారంతో ఆ చుట్టును ఈ చుట్టుకు కొక్కెం ఉన్న క్రోషే సూదితో కుట్టుకుంటూ పోతుంది. బుట్టలు, పీట మీది చాపలు, పూలకుండీల తొడుగులు. ఇప్పుడు ఒక హోటలు వాళ్ళు దీపాలకు తొడుగులు అడిగారు. పన్నెండు. "బుట్టను తలకిందులు చేసి దీపమంటే మాకొద్దు, ఎవరూ చూడని రూపం కావాలి" అని చెప్పి పోయాడు హోటలాయన. సోమవారం మళ్ళీ వస్తాడు.

"ఎవరూ చూడని రూపమట! చూడనిది నేనెట్లా చేస్తానే? కలలో కనబడుతుందా?" అని పెద్దమ్మ సూది పక్కన పడేసింది. అందుకని రూపం వెతికే పని నల్లపూసకు వచ్చింది.

వెతకడమంటే వేయడం, విప్పడం. ఒకే కంతలో రెండు కుట్లు వేస్తే చుట్టు పెరిగి అంచు అలలు తేలుతుంది. రెండు కంతలు కలిపి ఒకటే కుట్టు వేస్తే ముడుచుకుని లోపలికి వంగుతుంది. ఎన్ని కుట్లకు ఒకసారి పెంచాలి, ఎక్కడ తగ్గించాలి, అంతా వేళ్ళకే తెలియాలి. పొద్దున్నుంచి వేసింది మధ్యాహ్నానికి గుమ్మడికాయలా కనిపిస్తుంది. విప్పాలి. మైనం పట్టిన దారం ఊరికే విప్పితే రాదు, జానెడు జానెడుకూ కత్తిరించి లాగాలి. ఒళ్ళో ఆ ముక్కలు గుట్టగా పడతాయి.

రూపం ఆమెకు కిటికీలో దొరికింది. కిటికీ బయటి గట్టు మీద ఒక పావురాల జంట కాపురం పెట్టింది. గూడు అంటే గూడు కాదు, నాలుగు పుల్లలు, ఒక ఇనప తీగ ముక్క. దాని మీద ఇప్పుడు రెండు గుడ్లు. పొద్దున పదింటికి మగది వచ్చి కూర్చుంటే మళ్ళీ సాయంత్రానికి గాని లేవదు, అప్పుడు ఆడది వస్తుంది. డ్యూటీ మారే నర్సుల్లా. మగది మెడ ఉబ్బించినప్పుడు గొంతు కింద నుంచి పొట్ట దాకా ఒక నిండైన వంపు వస్తుంది. పైన సన్నగా మొదలై, హఠాత్తుగా నిండి, కింద మెల్లగా తగ్గిపోయే వంపు. నల్లపూస దాన్ని చూస్తూ ఐదు కుట్లకు ఒకటి పెంచింది. తర్వాత మూడుకు ఒకటి. తర్వాత ఆగింది. విప్పింది. మళ్ళీ వేసింది.

పావురాల గూడు చూస్తే ఆమెకు మనసు ఒప్పేది కాదు. గుడ్డు పెడితే దొర్లిపోదా? విప్పిన దారం ముక్కలను గుప్పెడు తీసి కిటికీ గట్టు మీద పెట్టింది, డాబా పిట్టగోడ మీద కూడా పెట్టింది. అవి వచ్చి ముక్కుతో పట్టుకుని, తల అటూ ఇటూ తిప్పి, ఎగురుకుంటూ తీసుకుపోయాయి. తను చేసిన పని ఎవరికో పనికొచ్చిందని ఆ రోజంతా లోలోపల నవ్వుకుంది. అప్పట్నుంచి రోజూ పెడుతోంది.

ఆ బుధవారం నెత్తురు చూశాక మాత్రం ఆమె పావురాల రెక్కలు, మెడలు చూడడం మానేసి కాళ్ళు చూడడం మొదలుపెట్టింది.

చూడకుండా ఉంటే బాగుండేది. డాబా మీద గింజలకు దిగినవి ఇరవై ఏడు. అందులో పదకొండింటికి కాళ్ళు సరిగా లేవు. ఒకదానికి రెండు వేళ్ళు లేవు, ఒకదానికి వేళ్ళే లేవు, మొద్దు మీద కర్రకాలు వేసినట్టు నడుస్తోంది. ఇంకొకటి పాదం ముద్దలా ఉబ్బి, ఒంటికాలి మీద గెంతుతోంది.

గురువారం పాలప్యాకెట్టు తెచ్చే వంకతో బజారు దాకా వెళ్ళింది. మనుషుల మధ్య నిలబడడం ఆమెకు ముళ్ళ మీద నిలబడ్డట్టుంటుంది, అయినా నిలబడింది. బస్టాండు రేకుల మీద పావురాలను లెక్కపెట్టింది. నలభైకి మూడు. బడి గోడ మీద పంతొమ్మిదికి ఒకటి. మళ్ళీ ఇంటికి వచ్చి డాబా మీద లెక్కపెట్టింది. పదకొండే.

అంటే తప్పు ఊరిది కాదు. ఈ డాబాది. డాబా మీద ఉండేది ఒక్కడే.

"పెద్దమ్మా, వాచీల తాత పావురాల వేళ్ళు కోస్తున్నాడు."

పెద్దమ్మ నోట్లో దారం పట్టుకుని ఉంది. ఉమ్మేసింది. "ఏంటే?"

నల్లపూస చెప్పింది. తువ్వాలు, కత్తెర, మూడు చుక్కలు, ఇరవై ఏడుకి పదకొండు.

"ఎందుక్కోస్తాడే? వేళ్ళు వాచీల్లో ముళ్ళుగా పెడతాడా?" అని పెద్దమ్మ నవ్వింది. నవ్వి, సూది పక్కన పెట్టి, "అయినా ఆ మనిషి ఈమధ్య వాచీలు బాగుచేయడం కూడా చూళ్ళేదు. నా గడియారం అడిగితే 'కుదరదమ్మా' అని తలుపేసుకున్నాడు. ఒంటరి ముసలాళ్ళ బుర్రలో ఏం తిరుగుతుందో ఎవరు చూడొచ్చారు" అంది.

ఆ చివరి మాటే కొంపముంచింది. పెద్దమ్మకు మాట కడుపులో ఆగదు. సాయంత్రం కుళాయి దగ్గర ఓనరమ్మకు చెప్పేసింది, నవ్వులాటకే చెప్పింది. ఓనరమ్మ నవ్వలేదు. డాబా మీది గది ఖాళీ అయితే అక్కడ ఇంకో రెండు గదులు వేయించాలని రెండేళ్ళుగా ఆవిడ కన్ను. వాచీల తాత పాతికేళ్ళ కిరాయిదారు, ఒక్క మాట పడనివాడు. సాకు దొరక్క ఆగింది.

శుక్రవారం పొద్దున్నే మెట్ల దగ్గర ఆవిడ గొంతు మూడో అంతస్తు దాకా వినిపించింది.

"నోరులేని జీవాల కాళ్ళు కోసేవాడు నా ఇంట్లో ఉండడానికి వీల్లేదండీ! ఎవరైనా సరే, నాకు ఒకటే మాట. ఆదివారం పొద్దున అందర్నీ పిలుస్తా, అందరి ముందూ చెప్పండి మీరు ఏం చేస్తున్నారో. చెప్పలేకపోతే సామాను సర్దుకోండి."

కాసేపటికి తాత చెప్పుల చప్పుడు పైకి వెళ్ళింది. మూడో అంతస్తు తలుపు ముందు ఆగింది. నల్లపూస తలుపు వెనక సూది పట్టుకుని నిలబడింది. చెప్పులు మళ్ళీ కదిలాయి.

"అంత పెద్ద గొడవ చేస్తుందనుకోలేదే" అంది పెద్దమ్మ.

"తాత చేసింది నిజమేగా పెద్దమ్మా."

"నువ్వు చూశావు కదా? కళ్ళతో?"

"చూశాను" అంది నల్లపూస. కత్తెర చూసింది, తోక చూసింది. తువ్వాలు కింద చూడలేదు. ఆ సంగతి అప్పుడే మొదటిసారి తోచింది. సూది మీంచి కుట్టు జారిపోయింది.

శనివారం మధ్యాహ్నం దీపం తొడుగు పూర్తయింది. పైన సన్నగా మొదలై, హఠాత్తుగా నిండి, కింద మెల్లగా తగ్గింది. పెద్దమ్మ దాన్ని పైకెత్తి పట్టుకుని చుట్టూ తిప్పి చూసింది. "దీన్నేమంటారే?" అంది. గొంతులో వెటకారం లేదు.

జవాబు చెప్పేలోపు కిటికీ బయట చప్పుడైంది. ఎగిరే చప్పుడు కాదు, గోడకు గుడ్డ కొట్టినట్టు. ఆగి, మళ్ళీ. నల్లపూస కిటికీ తీసింది. గట్టు మీద గుడ్లు రెండూ ఉన్నాయి. మగది లేదు. గట్టు అంచు కింద, గాలిలో, తలకిందులుగా వేలాడుతోంది. కాలికి దారం, దారం రెండో కొస గూట్లోని ఇనప తీగకు. రెక్కలు కొట్టినప్పుడల్లా దారం ఇంకా బిగుస్తోంది.

"పెద్దమ్మా, నా నడుం పట్టుకో!"

పెద్దమ్మ పట్టుకుంది. నల్లపూస నడుం దాకా బయటికి వంగి, రెండు చేతులతో దాన్ని రెక్కలతో సహా అందుకుని లోపలికి తెచ్చింది. చేతుల్లో దాని గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందంటే కొట్టుకోవడంలా లేదు, వణుకులా ఉంది. తీగ దగ్గర దారం కత్తిరించింది పెద్దమ్మ. కాలికి చుట్టుకున్నది రాలేదు. మూడు వేళ్ళనూ కలిపి బిగించేసింది. ఒక వేలు అప్పటికే నల్లగా, ఎండిన కాడలా ఉంది. ఇవాళ్టిది కాదు అది.

వేలాడుతున్న కొసను నల్లపూస పట్టుకుంది. గోధుమరంగు. వేళ్ళకు జిడ్డుగా తగిలింది. వాసన చూసింది. మైనం.

మైనం దారం ఎవరైనా వాడొచ్చు, చెప్పులు కుట్టేవాళ్ళూ వాడతారు. కాని ఈ దారం తిన్నగా లేదు. పొడుగునా చిన్న చిన్న అలలు, ఒక్కో అల ఒక్కో కుట్టంత. కుట్టి విప్పిన దారానికి తప్ప ఆ వంకర రాదు. ఐదు అలలు, ఒక పెద్ద అల. ఐదు అలలు, ఒక పెద్ద అల. ఐదు కుట్లకు ఒకటి పెంచి, గుమ్మడికాయలా ఉందని మంగళవారం విప్పేసింది ఆమే.

తన చేతిరాతను తను గుర్తుపట్టినట్టు గుర్తుపట్టింది.

"ఏమైందే? పాలిపోయావు?"

నల్లపూస తువ్వాలు అందుకుంది. పావురాన్ని తువ్వాలులో చుట్టి, గుండెకు ఆనించుకుని, డాబా మెట్లెక్కింది.

తాత తలుపు సగం తీసే ఉంది. నేల మీద అట్టపెట్టెలు. గోడ గడియారాలను దించి వార్తాపత్రికల్లో చుడుతున్నాడు. ఆమెను చూసి చుట్టడం ఆపలేదు.

"ఏం, ఇంకోటి దొరికిందా?" అన్నాడు.

ఆ అడగడంలో ఏదో ఎత్తిపొడుపు ఉంది. ఆమె అర్థం కాక తువ్వాలు విప్పి కాలు చూపించింది.

"తాతగారూ, దీనికి దారం... విడిపోవడం లేదు."

ఆయన చూశాడు. పావురాన్ని చూడలేదు, ఆమె ముఖాన్ని చూశాడు, చాలాసేపు, నకిలీ వాచీని పరీక్షించినట్టు. తర్వాత లేచి, బల్ల మీంచి వాచీల సామాను ఉంచే గుండ్రటి డబ్బా తెచ్చి మూత తీశాడు. లోపల పళ్ళచక్రాలు లేవు. దారాలు. పొడుగువి, పొట్టివి, కొన్నిటికి ఎండిన నెత్తురు, కొన్నిటికి ఈకనూగు. అన్నీ గోధుమరంగే. అన్నిట్లోనూ అలలు.

"ఈ నెల రోజుల్లో తీసినవి. అంతకుముందు ఎప్పుడన్నా ఒకటి. జుట్టు చుట్టుకునో, గాలిపటం దారమో" అన్నాడు. "పిట్టగోడ మీద నువ్వు పరవడం చూశాను. రోజూ పరుస్తున్నావు. అవి వచ్చి తొక్కుతుంటే నిలబడి నవ్వుకుంటున్నావు. వల పన్నుతున్నావనుకున్నాను. ఆ వయసులో కొందరికి ఉంటుంది అలాంటి సరదా."

నల్లపూసకు చెవులు భగ్గుమన్నాయి. "గూటికి మెత్తగా ఉంటుందని..."

"గూటికా?" ఆయన డబ్బా బల్ల మీద పెట్టాడు. "వీటి తాతలు కొండరాళ్ళ మీద బతికినవే అమ్మాయ్. రాతి మీద నాలుగు పుల్లలు చాలు వీటికి. మన మేడలు కూడా వీటి లెక్కలో కొండలే. రోజంతా నడుస్తాయి. నడిచే కాలికి దారం చుట్టుకుందా, ముక్కుతో తీసుకోలేవు. లాగినకొద్దీ బిగుస్తుంది. వేలు ఉబ్బుతుంది, నల్లబడుతుంది, రాలిపోతుంది."

"మీరు కత్తిరించేది... దారాన్నా?"

"దారాన్నే కత్తిరించాలనుకుంటాను" అని ఆయన కుడిచేయి ముందుకు చాపాడు. వేళ్ళు వాటంతట అవే కదులుతున్నాయి, గాలికి ఆకు కదిలినట్టు, ఆగకుండా. "రెండుసార్లకు ఒకసారి చర్మం తెగుతుంది. ఈ చేత్తో వాచీ విప్పి ఏడాదైంది. ఎవరికీ చెప్పలేదు. నువ్వూ చెప్పకు."

అప్పుడర్థమైంది వీపెందుకు తిప్పాడో.

"మరి నా మీద ఓనరమ్మకు ఎందుకు చెప్పలేదు తాతగారూ? నిన్న మెట్ల మీద అయినా?"

"చెబితే ఏం చేస్తుంది? మీ పెద్దమ్మను ఖాళీ చేయిస్తుంది. ఆవిడకు గదులు కావాలిగాని పావురాలెందుకు." గడియారాన్ని మళ్ళీ కాగితంలో పెట్టాడు. "నిన్నే అడుగుదామని మీ తలుపు దాకా వచ్చాను. ఆడపిల్లను పట్టుకుని ఏమని అడగను? అనుమానమే కదా, రుజువేముంది అనుకున్నాను."

ఆయన ఆ మాట మామూలుగానే అన్నాడు. నల్లపూసకు మాత్రం తన లెక్కలన్నీ, నలభైకి మూడు, పంతొమ్మిదికి ఒకటి, ఒక్కొక్కటీ ముఖం మీద పడ్డట్టయింది. రుజువు కోసం ఊరంతా తిరిగింది తను. తన ఒళ్ళో చూసుకోలేదు.

ఆయన భూతద్దం గొట్టం పెట్టుకుని దారాన్ని కత్తెరతో అందుకోబోయాడు. చేయి మూడుసార్లు పక్కకు పోయింది. నాలుగోసారి పైచుట్టు తెగింది. కొంచెం సడలింది. "మిగతాది రేపు చూద్దాం, భయపడిపోయింది" అని పావురాన్ని చిల్లుల అట్టపెట్టెలో పెట్టాడు.

కిందికి దిగి ఆమె పెద్దమ్మకు అంతా చెప్పింది, చేయి వణుకు తప్ప. పెద్దమ్మ విని లేచి వెళ్ళి ముందు కిటికీ మూసింది, తర్వాత తలుపు మూసింది.

"ఎవరికన్నా చెప్పావా?"

"లేదు. రేపు అందరి ముందూ చెప్తాను."

"చెప్తావూ? నువ్వు? పాలవాడికి రెండు ప్యాకెట్లు చాలని చెప్పలేక మూడు తెస్తావు, నువ్వు రేపు సభలో మాట్లాడతావా?" పెద్దమ్మ గొంతు తగ్గించింది. "చూడవే తల్లీ. ఆవిడ నిన్న మెట్ల దగ్గర అన్న మాట విన్నావుగా. కాళ్ళు పోవడానికి కారణం మనమని తెలిస్తే ఊరుకుంటుందా? ఈ తాళ్ళన్నీ నెత్తిన పెట్టుకుని ఎక్కడికి పోతాం? సోమవారం హోటలాయనకు ఏ గుమ్మంలో చూపిస్తాం దీన్ని? ఇకనుంచి బయట వేయొద్దు, అంతే. ముసలాయన ఒక్కడు, ఎక్కడైనా సర్దుకుంటాడు."

"ఆయనకు తెలిసి కూడా మన గురించి చెప్పలేదు పెద్దమ్మా."

పెద్దమ్మ కిందికి వంగింది. నేల మీది దారం ముక్కలను చీపురు లేకుండా చేత్తోనే ఏరడం మొదలుపెట్టింది. చాప ఎత్తి, దాని కింద కూడా ఏరింది.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి అందరూ డాబా ఎక్కారు. ఓనరమ్మ ఒక్కదానికే కుర్చీ. నర్సమ్మ డ్యూటీ దిగి వచ్చిన బట్టలతోనే ఉంది. రెండో అంతస్తు బ్యాంకాయన పళ్ళు తోముకుంటూ వచ్చి, పిట్టగోడకు ఆనుకుని, తోముకుంటూనే ఉన్నాడు. తాత తన గుమ్మంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నల్లపూస పెద్దమ్మ వెనక నిలబడింది. అలవాటైన చోటు.

"చెప్పండి" అంది ఓనరమ్మ. "తువ్వాలు కప్పి ఏం చేస్తున్నారు?"

"కాళ్ళకు చుట్టుకున్న దారాలు తీస్తున్నాను."

"అలాగా! ఎక్కడివండీ దారాలు, ఆకాశంలోంచి పడ్డాయా?"

తాత ట్యాంకు వైపు చూశాడు.

"నెత్తురు పడింది నిజమేనా?"

"నిజమే."

"దారం తీస్తే నెత్తురెందుకొస్తుంది? పాతికేళ్ళు వాచీలు చేసిన చేయి మీది. సన్నపని మీకు చేతకాదంటే ఎవరు నమ్ముతారు?"

వెనక్కి కట్టుకున్న తాత చేతులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోవడం నల్లపూసకు ఆయన వెనకున్న గడియారాల అద్దపు పెట్టెలో ప్రతిబింబంగా కనిపించింది. ఒక్కసారి ఆ చేయి ముందుకు చాపితే చాలు, అందరూ నమ్ముతారు. ఆయన చాపలేదు. ఆమెకు చెప్పొద్దని చెప్పాడు కూడా.

"వినండమ్మా అందరూ. నేను మనిషిని చూసి మాట్లాడను. ఈ పావురాల కాళ్ళు ఎవరి వల్ల పోయాయో వాళ్ళు ఇల్లు ఖాళీ చేయాలి. అంతేనా?" అంది ఓనరమ్మ.

"అంతేగా మరి" అన్నాడు బ్యాంకాయన బ్రష్షు పక్కకు తీసి.

"అయితే ఖాళీ చేయాల్సింది మేము."

ఎవరన్నారో అని నర్సమ్మ వెనక్కి తిరిగి చూసింది. నల్లపూస పెద్దమ్మ భుజం పక్కనుంచి ముందుకు వచ్చింది. గొంతు తనది కానట్టే ఉంది. గుప్పెట విప్పింది. చెమటకు దారం అరచేతికి అతుక్కుపోయి ఉంది.

"ఇది నిన్న పావురం కాలి నుంచి వచ్చింది. ఇది మాదే. నేను విప్పినవి... గూటికి పనికొస్తాయని నేనే పిట్టగోడ మీద పెట్టాను. నెల రోజులుగా. తాతగారు తీస్తున్నవి నేను వేసినవి." అంతవరకూ ఒక్క ఊపిరిలో వచ్చింది. తర్వాత ఊపిరి దొరకలేదు. "తాతగారి మీద చెప్పింది కూడా నేనే. తువ్వాలు కింద నేను చూళ్ళేదు."

బ్యాంకాయన బ్రష్షు మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు.

ఓనరమ్మ పెద్దమ్మ వైపు తిరిగింది. "ఏమ్మా, ఈ పిల్ల ఏం మాట్లాడుతోంది?"

నల్లపూస పెద్దమ్మను చూడలేకపోయింది. నేల చూసింది. పెద్దమ్మ కాళ్ళు ఒకసారి వెనక్కి జరిగి, మళ్ళీ ముందుకొచ్చి, తన పక్కన ఆగాయి.

"నిజమే మాట్లాడుతోందండీ. దారం మాది. తెలియక చేసింది. మీరన్న మాట మీదే ఉంటానంటే చెప్పండి, సర్దుకుంటాం. కాని ముందు ఈయన్ను పెట్టెలు విప్పుకోమనండి."

బ్యాంకాయన నోట్లో నురగతోనే నవ్వాడు. "ఇదేంటండీ ఓనరమ్మగారూ! ఒకరిని పంపిద్దామని పిలిస్తే రెండో వాళ్ళు కూడా బయల్దేరారు! ఇల్లంతా పావురాలకే ఇచ్చేస్తారా ఏం?"

"పిల్ల తెలియక చేసిన దానికి ఇల్లు ఖాళీ ఏంటమ్మా?" అంది నర్సమ్మ, అలసట, విసుగు కలిసిన గొంతుతో. "ఇక్కడితో ఆపేస్తే సరి. నాకు నిద్ర."

ఓనరమ్మ తాత గది వైపు చూసింది, ఆ గది మీదుగా తను వేయించబోయే రెండు గదుల వైపు చూసింది. అవి అక్కడ లేవు, ఆకాశం ఉంది. కుర్చీలోంచి లేచింది.

"ఇంకొక్క దారప్పోగు ఈ డాబా మీద కనబడాలి, అప్పుడు చెప్తాను ఇద్దరి సంగతీ" అంది. కుర్చీ తనే మోసుకుంటూ దిగిపోయింది. మెట్ల మలుపులో కుర్చీ కాళ్ళు గోడకు తగిలి రెండుసార్లు గీసుకున్నాయి.

తాత లోపలికి వెళ్ళాడు. నల్లపూస ఆయన ముఖం చూడాలనుకుంది. చూడనివ్వలేదు.

పది గంటలప్పుడు మూడో అంతస్తు తలుపు తట్టిన చప్పుడైంది. పెద్దమ్మ ఓరగా తీసింది. ఓనరమ్మేనేమో అని. గుమ్మంలో తాత, చేతుల్లో చిల్లుల అట్టపెట్టె. పాతికేళ్ళలో ఈ గుమ్మంలోకి రావడం అదే మొదలు.

"ఏం కావాలండీ?" అంది పెద్దమ్మ. నిష్టూరమాడడానికి వచ్చాడనే అనుమానం ఇంకా పోలేదు ఆమె గొంతులోంచి.

"మీ అమ్మాయి వేళ్ళు కావాలి" అన్నాడు తాత.

పెద్దమ్మ తలుపు పూర్తిగా తీసింది.

కిటికీ పక్కన వెలుతురులో కూర్చున్నారు. పావురాన్ని తాత పట్టుకున్నాడు. రెక్కలు మూసి, రెండు అరచేతుల మధ్య. బరువు ఉంటే చేయి అంత వణకదని ఆమె గమనించింది. నల్లపూస అన్నిటికన్నా సన్నని ఉక్కు సూది తీసుకుంది. కత్తెర ముట్టుకోలేదు. ఇదీ ఒక కుట్టులాంటిదే, ఎక్కడ బిగిసిందో అక్కడే విడుతుంది. సూది కొక్కేన్ని పొలుసుల చర్మానికీ దారానికీ మధ్య వెంట్రుకంత సందులో పెట్టి, లాగకుండా, పైకెత్తింది. ఒక చుట్టు వదులైంది. దాన్ని తిప్పి, కింది చుట్టులోంచి తీసింది. మళ్ళీ ఇంకొకటి. నెత్తురు రాలేదు. పావురం ఒక నారింజరంగు కంటితో ఆమెను చూస్తూనే ఉంది, రెప్ప వేస్తూ, నమ్మకుండా.

పెద్దమ్మ టీ గ్లాసు తెచ్చి తాత పక్కన పెట్టింది. తాగమని అనలేదు, చేతులు ఖాళీగా లేవు కదా. అక్కడే కూర్చుంది.

అరగంటకు ఒక వేలు బయటపడింది, నల్లగా ఎండినది. నల్లపూస దాని మీది ఆఖరి పోగు కూడా తీసి, సూది కొసతో మెల్లగా తాకి చూసింది. అది కదలలేదు.

"ఈ వేలు బతుకుతుందా తాతగారూ?"

"బతకదు. నాలుగు రోజుల్లో ఊడిపోతుంది."

ఆమె చేయి ఆగింది. "మరి ఇంతసేపు దీన్నెందుకు విప్పమన్నారు?"

"ఆ దారమే పక్క వేలికి కూడా చుట్టుకుని ఉంది అమ్మాయ్" అన్నాడు తాత.

నల్లపూస కిందికి వంగి చూసింది. పక్క వేలు ఇంకా ఎర్రగానే ఉంది. సూదిని అటు తిప్పింది.